పాత యాప్ ఆగకుండా సర్వర్ ఏపీఐ మార్చడం ఎలా?

ముందు మీ సమస్య నాకు అర్థమైన తీరు చెబుతాను. కోఠిలోని హోల్‌సేల్ మందుల డీలర్లకీ, నగరంలోని మెడికల్ షాపులకీ మధ్య ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్ మీది. షాపాయన ఫోన్లో ఆండ్రాయిడ్ యాప్ ఉంటుంది, కౌంటర్ మీది కంప్యూటర్లో విండోస్ బిల్లింగ్ ప్రోగ్రాం ఉంటుంది. రెండూ మాదాపూర్‌లో మీ టీం చూసుకునే సర్వర్‌తో ఏపీఐ ద్వారా, అంటే ముందే ఒప్పుకున్న రిక్వెస్ట్, జవాబు పద్ధతిలో మాట్లాడతాయి. ఇద్దరు ముగ్గురు పెద్ద డీలర్లు మాత్రం అదే సర్వర్ కాపీని తమ ఆఫీసులోనే పెట్టుకున్నారు. మందు ధర ఇన్నాళ్లూ ‘ప్రైస్’ అనే ఫీల్డ్‌లో ఒక్క అంకెగా వెళ్లేది. ఎంఆర్‌పీ, డీలర్ రేటు, జీఎస్టీ విడివిడిగా చూపించాలని అదే ఫీల్డ్‌ని మూడు విలువలున్న ఆబ్జెక్ట్‌గా మార్చారు. కొత్త యాప్ బాగానే నడిచింది. పాత యాప్ ఉన్న షాపుల్లో లిస్టు తెరవగానే క్రాష్ అయింది, మార్పు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు టీంలో ఒకరు ‘వీ2 పెడదాం’, అంటే ఏపీఐకి రెండో వెర్షన్ తెద్దాం, అంటున్నారు, మరొకరు ‘ఫోర్స్ అప్‌డేట్ పెట్టేస్తే పీడా పోతుంది’ అంటున్నారు. రెండిట్లో ఏది అని అడిగారు.

ఈ మార్పుకి రెండూ అవసరం లేదండీ. ‘ప్రైస్’ని ముట్టుకోకండి. పక్కనే ‘ప్రైస్ డీటెయిల్స్’ అని కొత్త ఫీల్డ్ చేర్చి, మూడు విలువలూ అందులో పంపండి. కొత్త యాప్ కొత్తది చదువుకుంటుంది, పాత యాప్ పాతదే చదువుకుంటుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పాత ఫీల్డ్‌లోని అంకె నిన్నటిదాకా ఏ అర్థంతో వెళ్లిందో ఇకపైన కూడా అదే అర్థంతో వెళ్లాలి. మీ పాత యాప్ దాన్ని క్వాంటిటీతో గుణించి మొత్తం చూపిస్తుంది కదా, అది జీఎస్టీ కలిపిన డీలర్ రేటు అయితే ఎప్పటికీ అదే ఉండాలి. పేరు ‘ప్రైస్’ కాబట్టి అందులో ఎంఆర్‌పీ పెడదాం అని ఎవరైనా సర్దితే యాప్ క్రాష్ అవ్వదు, బిల్లు తప్పు వస్తుంది. క్రాష్ కన్నా అది చాలా ప్రమాదం. క్రాష్ అయితే ఎవరో ఒకరు మీకు ఫోన్ చేస్తారు, బిల్లు తప్పు వస్తే నెలాఖరులో లెక్కలు చూసుకునేదాకా ఎవరికీ తెలియదు. సర్వర్‌లో లెక్క కూడా ఒక్కచోటే జరగాలి, కొత్త మూడు విలువల నుంచే పాత అంకె తయారవ్వాలి. రెండిటినీ డేటాబేస్‌లో వేర్వేరుగా దాచితే కొన్నాళ్లకి ఒకదానితో ఒకటి పొసగవు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సర్వర్ మీ చేతిలో ఉంది, క్లయింట్, అంటే దానితో మాట్లాడే యాప్ గానీ ప్రోగ్రాం గానీ, మీ చేతిలో లేదు. సర్వర్‌ని సాయంత్రం మార్చి, తేడా వస్తే రాత్రికే వెనక్కి తేగలరు. ఫోన్లోకి వెళ్లిపోయిన యాప్‌ని అలా తేలేరు. ప్లే స్టోర్‌లో స్టేజ్డ్ రోలౌట్‌ని (కొద్దికొద్దిమందికి విడుదల చేయడాన్ని) మధ్యలో ఆపొచ్చు గానీ, అప్పటికే అప్‌డేట్ అయినవాళ్లని పాత వెర్షన్‌కి దింపడం కుదరదు. ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో మరో బిల్డ్ పంపాల్సిందే. విండోస్ ప్రోగ్రాం సంగతి ఇంకా కష్టం, మీ సపోర్ట్ కుర్రాడు రిమోట్‌లో కనెక్ట్ అయి ఇన్‌స్టాల్ చేస్తేనే మారుతుంది. కాబట్టి మార్పు భారం కదలగలిగిన వైపే, అంటే సర్వర్ వైపే పడాలి. పాత వెర్షన్ వాడుతున్న షాపాయన తప్పేమీ చేయడం లేదు, మీరు ఇచ్చిందే వాడుతున్నాడు. వీ2 అని పేరు పెట్టినంత మాత్రాన అతనికి ఒరిగేదేమీ లేదు, అతని కోసం వీ1 నడుస్తూనే ఉండాలి.

అలాగని ‘కొత్త ఫీల్డ్ చేర్చడం ఎప్పుడూ క్షేమమే’ అని గుడ్డిగా నమ్మొద్దు. తెలియని ఫీల్డ్ కనిపిస్తే పాత క్లయింట్ ఏం చేస్తుందనేది జేసన్ (డేటాని టెక్స్ట్‌గా పంపే రూపం) చదవడానికి అది వాడిన లైబ్రరీని బట్టి ఉంటుంది. జావాలో ఎక్కువమంది వాడే జాక్సన్ లైబ్రరీ, 2తో మొదలయ్యే వెర్షన్లలో, తెలియని ఫీల్డ్ వస్తే డిఫాల్ట్‌గా ఎర్రర్ ఇస్తుంది. 3లో ఆ డిఫాల్ట్ మార్చారు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాషలోని సీరియలైజేషన్ లైబ్రరీ కూడా ‘ఇగ్నోర్ అన్‌నోన్ కీస్’ ఆన్ చేయకపోతే కొత్త కీ చూడగానే ఎక్సెప్షన్ ఇస్తుంది. అందుకని ఇప్పటికీ వాడకంలో ఉన్న ప్రతి పాత ఏపీకేనీ (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్‌నీ) తీసి, టెస్ట్ సర్వర్‌కి కలిపి, జవాబులో అర్థంపర్థం లేని ఒక ఫీల్డ్ చేర్చి పంపి చూడండి. ఏ వెర్షన్ పడిపోతుందో తెలిస్తే, ఆ వెర్షన్ నుంచి వచ్చే రిక్వెస్టులకి మాత్రం కొత్త ఫీల్డ్ లేకుండా జవాబివ్వొచ్చు.

ఈ అర్థంలేని ఫీల్డ్ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్లని భద్రంగా ఉంచే టీఎల్ఎస్ ప్రోటోకాల్ 1.3 వెర్షన్ 2018లో ఖరారయ్యేనాటికి, కొత్త వెర్షన్ నంబర్ చూడగానే కనెక్షన్ తెంచేసే సర్వర్లూ, దారి మధ్యలో ఉండే నెట్‌వర్క్ పరికరాలూ చాలా ఉన్నాయి. చివరికి ఆ ప్రోటోకాల్ తన వెర్షన్ గడిలో 1.2 అనే రాసుకుని, అసలు వెర్షన్‌ని విడిగా ఒక ఎక్స్‌టెన్షన్‌లో చెప్పాల్సి వచ్చింది. గ్రీజ్ అనే ఏర్పాటు అలాంటి అనుభవం నుంచి వచ్చిందే, 2020లో ఆర్ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో ఆర్ఎఫ్‌సీ 8701గా అచ్చయింది. బ్రౌజర్ కావాలనే ఎవరికీ తెలియని విలువలు కొన్ని పంపుతుంది, వాటిని పట్టించుకోకుండా సాగిపోయే అలవాటు అవతలివైపు పోకూడదని. మీ టెస్ట్ సర్వర్ కూడా రోజూ ప్రతి జవాబులో ఇలాంటి ఫీల్డ్ ఒకటి పంపేలా పెట్టేయండి. కొత్త యాప్ రాసేవాళ్లు పొరపాటు చేస్తే మాదాపూర్‌లోనే బయటపడుతుంది, దిల్‌సుఖ్‌నగర్ షాపులో కాదు.

ఫీల్డుల పేర్లు, రకాలు ఏవీ మారకుండానే క్లయింట్లు ఆగిపోయే సందర్భాలు ఉంటాయి. నిజానికి నేను ఎక్కువగా భయపడేది వీటికే. మన దగ్గర జరిగినవే తీసుకోండి. 2024 మార్చిలో తెలంగాణలో కొత్త బండ్ల రిజిస్ట్రేషన్ టీఎస్ నుంచి టీజీకి మారింది. డెలివరీ వ్యాన్ నంబర్ ఎంటర్ చేసే స్క్రీన్‌లో ‘టీఎస్ గానీ ఏపీ గానీ ముందుండాలి’ అని యాప్‌లోనే చెక్ రాసుకుని ఉంటే, ఏపీఐలో ఒక్క అక్షరం మారకపోయినా, సర్వర్‌కి టీజీతో ఏ ఇబ్బందీ లేకపోయినా, కొత్త బండి కొన్న డీలర్ ఆ స్క్రీన్ దాటలేడు.

జీఎస్టీ సంగతి మీకు ఇంకా దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువులకి 12, 28 శాతం స్లాబులు పోయాయి. 5, 18 మిగిలాయి, కొన్నిటికి 40 శాతం వచ్చింది. చాలా మందులు 12 నుంచి 5కి దిగాయి. క్లయింట్‌లో స్లాబుల లిస్టు కోడ్‌లోనే రాసేసుకున్నవాళ్లకి 40 అనే విలువ తెలియదు. తెలియని విలువ వస్తే సున్నా వేసుకునే కోడ్ అయితే పన్ను లేకుండానే బిల్లు పడుతుంది. హడావుడిగా 12ని లిస్టులోంచి తీసేసినా ఇబ్బందే. సెప్టెంబర్ 22కి ముందు 12 శాతంతో అమ్మిన స్ట్రిప్పులు రిటర్న్ వస్తే, క్రెడిట్ నోట్ ఆ పాత బిల్లులోని రేటుతోనే పడాలి. అంటే కొత్త విలువ రావడమూ పాత విలువ బతికి ఉండడమూ రెండూ ఒకే రోజున నిజం. దీన్ని ఏ వెర్షన్ నంబరూ కాపాడదు. రేట్ల లిస్టు, ఏ తేదీ నుంచి ఏ రేటు అనేది సర్వర్ నుంచి రావాలి, బండి నంబర్ సరైనదా కాదా అన్న తీర్పూ సర్వర్‌దే అవ్వాలి.

ఆర్డర్ స్టేటస్‌లదీ ఇదే కథ. ఇవాళ ‘ప్యాక్డ్’, ‘డిస్పాచ్డ్’ ఉన్నాయి, రేపు ‘సగం పంపాం’ అని ఒకటి కలుపుతారు. కోడ్‌తో పాటు మనుషులు చదువుకునే మాటని కూడా సర్వరే పంపితే, పాత యాప్ ఆ కోడ్‌ని గుర్తుపట్టకపోయినా మాటని తెర మీద చూపించగలదు. ఈ చిన్న ఏర్పాటు మొదటి వెర్షన్‌లోనే పెట్టినవాళ్లు తర్వాత ఎంతో హాయిగా ఉంటారు.

ఉన్న ఫీల్డ్ రకాన్ని మార్చాలనిపించినప్పుడు ట్విట్టర్ 2010లో చేసింది గుర్తు చేసుకోండి. ట్వీట్ ఐడీలు పెద్దవై, జావాస్క్రిప్ట్ అంకెల్లో తేడా రాకుండా పట్టే 9007199254740991 అనే హద్దుని దాటబోతున్నాయి. వాళ్లు ‘ఐడీ’ని స్ట్రింగ్‌గా మార్చేయలేదు. దాన్ని అంకెగానే ఉంచి, ‘ఐడీ_ఎస్‌టీఆర్’ అని పక్కన ఇంకొకటి ఇచ్చారు. మీ ‘ప్రైస్’కి నేను చెప్పిందీ అదే పద్ధతి.

డాక్యుమెంట్‌లో రాయనివాటి మీద కూడా క్లయింట్లు ఆధారపడతాయి. ఏపీఐ వాడేవాళ్లు చాలామంది అయ్యాక, మీరు మాటిచ్చినా ఇవ్వకపోయినా దాని ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారని గూగుల్‌లో పనిచేసిన ఇంజినీర్ హైరమ్ రైట్ పేరున ఒక సూత్రం ఉంది. మీ విండోస్ ప్రోగ్రాంలో ఒకసారి వెతకండి, ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అన్న ఎర్రర్ వాక్యాన్నే పోల్చి చూసి నిర్ణయం తీసుకునే కోడ్ దొరకొచ్చు. సర్వర్‌లో ఆ వాక్యాన్ని ఎవరో తెలుగులోకి మారిస్తే ఆ కోడ్ పని అక్కడితో ఆగిపోతుంది. ఎర్రర్లకి మారని కోడ్ ఒకటి ఇవ్వండి, లిస్టు ఏ వరసలో వస్తుందో రాసి ఉంచండి.

ఇప్పటిదాకా చెప్పింది చదవడం గురించి. పాత క్లయింట్ తిరిగి రాసేటప్పుడు వచ్చే ఇబ్బందిని చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. ఆర్డర్‌లో కొత్తగా ‘బ్యాచ్ నంబర్’ చేర్చారనుకోండి. కొత్త యాప్‌లో డీలర్ బ్యాచ్ నింపాడు. తర్వాత అదే ఆర్డర్‌ని పాత యాప్ ఉన్న షాపాయన తెరిచి, క్వాంటిటీ 10 నుంచి 12 చేసి సేవ్ కొట్టాడు. పాత యాప్‌కి బ్యాచ్ అనేది ఒకటి ఉందనే తెలియదు కాబట్టి, అది లేకుండానే మొత్తం ఆర్డర్‌ని తిరిగి పంపుతుంది. సర్వర్ మొత్తం రికార్డుని దాంతో మార్చేస్తే బ్యాచ్ నంబర్ మాయం. ఎక్కడా ఎర్రర్ ఉండదు. డేటా పంపడానికి గూగుల్ తయారుచేసిన ప్రోటోబఫ్ అనే పద్ధతికే ఈ చిక్కు వచ్చింది. దానిలో ప్రోటో3 అనే రూపం మొదట్లో తెలియని ఫీల్డుల్ని పారేసేది, 2017లో వచ్చిన 3.5 నుంచి వాటిని దాచి ఉంచడం మళ్లీ మొదలుపెట్టింది. జేసన్‌లో ఆ సాయం మీకు దానంతటదే దొరకదు. అందుకని ఫీల్డ్ అసలు రాకపోతే ‘మార్పు లేదు’ అనీ, నల్ (ఖాళీ విలువ) అని స్పష్టంగా వస్తేనే ‘తీసేయి’ అనీ సర్వర్ అర్థం చేసుకోవాలి. మారిన ఫీల్డుల్ని మాత్రమే పంపే ప్యాచ్ రిక్వెస్ట్ అయితే ఇంకా మేలు. అదే కారణంతో, ఇప్పటికే ఉన్న రిక్వెస్ట్‌కి కొత్తగా తప్పనిసరి ఫీల్డ్ పెట్టకండి.

మరి వీ2 ఎప్పుడు? అర్థమే మారినప్పుడు. ఇన్నాళ్లూ ఒక ఆర్డర్ అంటే ఒక డీలర్‌కి వెళ్లేది, ఇకపైన ఒకే ఆర్డర్ ముగ్గురు డీలర్లకి విడిపోవచ్చు అన్నారనుకోండి. పాత జవాబులో దాన్ని ఎలా కుదించినా అబద్ధమే అవుతుంది. అప్పుడు వీ2 పెట్టండి, కానీ మొత్తం ఏపీఐకి కాదు, ఆర్డర్లకి మాత్రమే. కోడ్‌ని కాపీ చేసి రెండు ఫోల్డర్లు పెట్టడం మాత్రం చేయకండి, ఒకదాంట్లో సరిచేసిన బగ్ రెండోదాంట్లో మిగిలిపోతుంది. లోపల వ్యాపార లెక్క ఒక్కటే ఉండాలి, జవాబు బయటికి వెళ్లే ముందు పాత రూపంలోకి మార్చే పల్చని పొర ఒకటి ఉండాలి. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ చేసేది ఇదే. ప్రతి ఖాతా ఒక తేదీ పేరున్న వెర్షన్‌కి కట్టుబడి ఉంటుంది. లోపల కొత్త రూపంలో తయారైన జవాబుని ఒక్కో మార్పు చొప్పున వెనక్కి తిప్పుతూ ఆ ఖాతా తేదీ దాకా తీసుకొస్తారు. మీ టీంకి అంత యంత్రాంగం అక్కర్లేదు. వెర్షన్ యూఆర్ఎల్‌లో పెట్టాలా, రిక్వెస్ట్‌తో పాటు విడిగా వెళ్లే సమాచారమైన హెడర్‌లోనా అని వాదనలు ఉన్నాయి. మీలాంటి చిన్న టీంకి నేను యూఆర్ఎల్ అనే చెబుతాను. సర్వర్ రాసుకునే లాగ్‌లో కంటికి కనిపిస్తుంది, అర్ధరాత్రి సపోర్ట్‌లో ఉన్నవాడు కూడా చూసి చెప్పగలడు.

సొంత సర్వర్ పెట్టుకున్న డీలర్ల విషయం వేరు, అక్కడ యాప్ కొత్తది, సర్వర్ పాతది అయ్యే అవకాశం ఉంది. దీనికి ప్రోగ్రాంలని విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌ని చూడండి. డాకర్ క్లయింట్ ముందు సర్వర్‌ని నీ ఏపీఐ వెర్షన్ ఎంత అని అడిగి, అది తనకన్నా పాతదైతే ఆ స్థాయికి తగ్గి మాట్లాడుతుంది. 2025 నవంబర్లో వచ్చిన డాకర్ ఇంజిన్ (దాని సర్వర్ భాగం) 29 మాత్రం కనీస వెర్షన్‌ని 1.44కి పెంచింది. అలా అడిగి తగ్గే పని చేయకుండా 1.24నే కోడ్‌లో రాసుకున్న టూల్స్ ఆ అప్‌గ్రేడ్‌తో ఆగిపోయాయి. అయినా ఎర్రర్ మెసేజ్‌లో నీ వెర్షన్ ఇంత, కనీసం ఇంత కావాలి అని రెండు అంకెలూ స్పష్టంగా ఉన్నాయి, ఆ హద్దుని తాత్కాలికంగా తగ్గించే సెట్టింగ్ కూడా ఇచ్చారు. మీ యాప్ కూడా లాగిన్ అప్పుడే సర్వర్‌ని అడగాలి. వెర్షన్ అంకె కన్నా ‘నాకు ఇవి వచ్చు’ అనే లిస్టు అడిగితే మంచిది. ‘ప్రైస్ డీటెయిల్స్’ వచ్చు అంటే ఆ స్క్రీన్ చూపించు, లేకపోతే పాత స్క్రీన్. అంకెలే పోల్చాల్సి వస్తే స్ట్రింగులుగా పోల్చొద్దు, అలా చేస్తే 1.10 కన్నా 1.9 పెద్దదని తేలుతుంది.

ఫోర్స్ అప్‌డేట్‌ని నేను పూర్తిగా వద్దనను. సెక్యూరిటీలో పెద్ద లోపం బయటపడినా, చట్టం మారి పాత బిల్లు చెల్లకపోయినా అది తప్పదు. కానీ ఆ తలుపు ముందే కట్టి ఉండాలి. ఇవాళ సర్వర్ నుంచి హెచ్‌టీటీపీ 426 (‘అప్‌గ్రేడ్ అవ్వాలి’ అనే కోడ్) పంపితే, దాని గురించి తెలియని పాత యాప్ ‘ఇంటర్నెట్ కనెక్షన్ చెక్ చేసుకోండి’ అంటుంది, షాపాయన రౌటర్ ఆపి ఆన్ చేస్తూ కూర్చుంటాడు. కాబట్టి తర్వాతి బిల్డ్‌లోనే 426 వస్తే ఏం చూపించాలో రాసి పెట్టండి, తెలుగులో, సపోర్ట్ ఫోన్ నంబర్‌తో సహా. ప్లే స్టోర్ ఇన్-యాప్ అప్‌డేట్‌లో వెంటనే చేయించే పద్ధతీ, పని చేసుకుంటుండగా వెనకాల డౌన్‌లోడ్ అయ్యే పద్ధతీ రెండూ ఉన్నాయి. మీకు దాదాపు ఎప్పుడూ రెండోదే సరిపోతుంది. సాయంత్రం క్లినిక్‌లు నడిచే వేళ మెడికల్ షాపు కౌంటర్ ముందు జనం ఉంటారు. అప్పుడు తెర మూసేసి అప్‌డేట్ చేయమనడం అంటే ఎవరికో మందు ఆలస్యం చేయడం, దీన్ని టీంలో అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇక పాతవాటిని ఎప్పుడు తీసేయాలో నిర్ణయించాలంటే ముందు ఎవరు వాడుతున్నారో తెలియాలి. ప్రతి రిక్వెస్ట్‌లో క్లయింట్ పేరు, వెర్షన్, షాపు కోడ్ హెడర్లుగా వచ్చేలా ఈ వారమే చేయండి, మిగతా అన్నిటికన్నా ముందు ఇదే. మందు స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ అచ్చు వేసినట్టు, తీసేయబోయే ఏపీఐ జవాబు మీద తేదీ వేసే పద్ధతి కూడా ఉంది. ఎప్పుడు ఆగిపోతుందో చెప్పే ‘సన్‌సెట్’ హెడర్ 2019లో ఆర్ఎఫ్‌సీ 8594గా, ఇక వాడొద్దని చెప్పే ‘డెప్రికేషన్’ హెడర్ 2025లో ఆర్ఎఫ్‌సీ 9745గా వచ్చాయి. పెట్టండి, కానీ హెడర్లు ఎవరూ చదవరు. మీ డీలర్లకి వాట్సాప్‌లో చెప్పాలి, అప్పటికీ మిగిలిన షాపులకి ఫోన్ చేయాలి. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ 2020లో పాస్‌వర్డ్‌తో ఏపీఐ వాడే పద్ధతిని తీసేసే ముందు, ముందుగా ప్రకటించిన రోజుల్లో కొద్దిసేపు ఆపి చూపించింది, మిగిలిపోయినవాళ్లు మేలుకోవాలని. ప్రోగ్రామర్లు వాడే సర్వీసుకి అది మంచి ఉపాయమే, మందుల ఆర్డర్లకి మాత్రం నేను ఒప్పుకోను.

మీ ‘ప్రైస్’ ఫీల్డ్‌ని అయితే తీసే తొందర ఏమీ లేదు. ప్రతి మందుకీ ఒక్క అంకె ఎక్కువ వెళ్తుంది, అంతే. లాగ్‌లో పాత వెర్షన్ల నుంచి రిక్వెస్టులు పూర్తిగా ఆగాక చూడండి. అప్పుడు కూడా ఒక్కరోజు చూసి తీర్మానించకండి. నెలకోసారి స్టాక్ లెక్కకి మాత్రమే ఆ కంప్యూటర్ తెరిచే షాపులు ఉంటాయి కాబట్టి, కనీసం రెండు నెలాఖరులు దాటనివ్వండి.